ఏటా నోటు పుస్తకాల పంపిణీతో ఆగిపోయే సేవా క్లబ్బు పిల్లల కోసం ఇంకేం చేయగలదు?

పాతికమంది సభ్యులున్న మీ సేవా క్లబ్బు ఏటా బడులు తెరిచే సమయంలో నోటు పుస్తకాలు, సంచులు పంచుతోందని, ఆ ఒక్కరోజు తప్పితే సంవత్సరమంతా సభ్యుల్లో ఉత్సాహం కనబడటం లేదని, యువకులెవరూ చేరడం లేదని రాశారు. పిల్లలకు నిజంగా ఉపయోగపడుతూ చుట్టూ ఉన్న జనాన్ని కూడా ఒకటి చేసే పని ఏదైనా ఉంటే చెప్పమన్నారు. ఏదైనా పెద్ద అంతర్జాతీయ సంస్థకు అనుబంధంగా మారితే మేలా అన్నది మీ రెండో ప్రశ్న. సేవా క్లబ్బుల కార్యవర్గాల్లో చాలాకాలం పనిచేసిన అనుభవంతో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలకు ఒక క్లబ్బు ఇవ్వగలిగిన వాటన్నిటిలోకీ విలువైనది, ఏళ్ల తరబడి ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చే పెద్దల సమయం. నోటు పుస్తకాలు ప్రభుత్వమైనా ఇస్తుంది, ఏ దాతైనా ఇస్తాడు. ఆ సమయాన్ని మాత్రం మీలాంటి క్లబ్బు తప్ప మరెవరూ అంత సులువుగా సమకూర్చలేరు. కాబట్టి ఒకే ఒక్క పనిని, కనీసం మూడేళ్లు సాగేదాన్ని, తల్లిదండ్రులు కూడా తలో చెయ్యి వేయగలిగేదాన్ని ఎంచుకోండి. ఆ ఎంపిక ఎలా చేయాలో, చేశాక సాధారణంగా ఎక్కడ బెడిసికొడుతుందో కింద వివరిస్తాను.

ముందు ఈ క్లబ్బుల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ సభ్యుల నిరుత్సాహానికి కారణం అందులో కొంత దొరుకుతుంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హ్యారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి మొదటి సమావేశం జరిపినప్పుడు, ఆ పెద్ద నగరంలో తమలాంటి వృత్తి నిపుణులకు, వ్యాపారులకు మనసిచ్చి మాట్లాడే స్నేహితులు దొరకాలన్నదే ఆయన కోరిక. సమావేశాలు ఒక్కోసారి ఒక్కొక్కరి కార్యాలయంలో వంతులవారీగా జరిగేవి గనుక దానికి రోటరీ అన్న పేరు వచ్చింది. 1915లో డెట్రాయిట్‌లో మొదలైన కివానిస్ కూడా తొలిరోజుల్లో సభ్యులు ఒకరి వ్యాపారానికి ఒకరు తోడ్పడే సంఘమే. 1917లో షికాగోలో బీమా వ్యాపారం చేసుకునే మెల్విన్ జోన్స్, ఇటువంటి వ్యాపార సంఘాలు తమ లాభం ఒక్కటే చూసుకుంటే ఎలా అని ప్రశ్నించి లయన్స్ క్లబ్బులకు పునాది వేశాడు. రోటరీ తొలి పౌరసేవ ఏమిటో తెలిస్తే మీకు నవ్వు రావచ్చు: షికాగో నగరం నడిబొడ్డున అందరికీ అందుబాటులో ఉండే మరుగుదొడ్లు కట్టించాలని 1907లో వాళ్లు ఉద్యమం మొదలుపెట్టారు. శిలాఫలకం మీద పేరు చూసుకుని మురిసిపోవడానికి అంత అనువైన పనేమీ కాదది, కానీ నగరానికి కావలసిన పని. స్నేహం ముందు పుట్టి, ఆ స్నేహానికి ఒక పని దొరికాక ఈ సంస్థలు నిలబడ్డాయి. పని ఏడాదికి ఒక్క ఉదయంతో ముగిసిపోయే చోట స్నేహం కూడా ఆ ఉదయానికే పరిమితమవుతుంది. మీ సభ్యులకు ఉత్సాహం లేకపోవడాన్ని నేను బద్ధకంగా చూడను. వాళ్లు కలిసి చేయడానికి తగినంత పని లేదు, అంతే.

పిల్లల విషయంలో ఈ సంస్థలు సాధించిన వాటిలో పెద్దది పోలియో మీద పోరాటం. రోటరీ 1979లో ఫిలిప్పీన్స్‌లో దాదాపు 60 లక్షల మంది పిల్లలకు టీకా అందించే కార్యక్రమంతో మొదలుపెట్టి, 1985లో దాన్ని ప్రపంచవ్యాప్త ఉద్యమంగా మార్చింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు, రోటరీ కలిసి నిర్మూలన కార్యక్రమం ఆరంభించేనాటికి 125 దేశాల్లో ఏడాదికి దాదాపు మూడున్నర లక్షల మంది పిల్లలు ఆ వ్యాధి బారిన పడుతుండేవారు. ఆ సంఖ్య 99 శాతానికి మించి తగ్గింది. భారతదేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో భారత్ కూడా ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియోరహితమని ధ్రువీకరణ వచ్చింది. ఈ విజయాన్ని క్లబ్బుల వేదికల మీద చెప్పేటప్పుడు వసూలు చేసిన డబ్బు గురించే ఎక్కువగా వింటాం. దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలిసిన సంగతి వేరు. చుక్కల మందును చల్లగా ఉంచే పెట్టెను మోసుకుని ఆరోగ్య కార్యకర్త గుమ్మం ముందు నిలబడితే, ఆమె పక్కన ఆ వీధికి తెలిసిన మనిషి ఒకరు ఉండేవారు. చుక్కలు వేశాక బిడ్డ చిటికెన వేలి గోటి మీద సిరా గుర్తు పెట్టి, తప్పిపోయిన పిల్లలను మర్నాడు ఆ గుర్తు లేని వేళ్లను బట్టి వెతికేవారు. తలుపు మూసేసిన ఇంటికి మళ్లీ వెళ్లి, ఆ ఇంటివాళ్లు గౌరవించే పెద్దమనిషిని వెంటబెట్టుకుని మాట్లాడి ఒప్పించడం టీకా కన్నా కష్టమైన పని, ఆ పనిలో స్థానిక సభ్యులకు సాటి వచ్చే వైద్యాధికారి ఉండడు.

ఇందులో మీరు తీసుకోదగిన సంగతులు రెండున్నాయి. మొదటిది, వైద్యం తెలిసినవాళ్లు వైద్యం చేశారు, క్లబ్బులు తమకు చేతనైన పని చేశాయి. ఒకరి పనిలో మరొకరు తలదూర్చలేదు. రెండోది, ఆ పని ఏ ఒక్క అధ్యక్షుడి హయాంతోనూ ముగిసిపోలేదు. కివానిస్ కూడా ఇదే దారిలో 1990లలో యునిసెఫ్‌తో కలిసి అయోడిన్ లోపం మీద, 2010 నుంచి బాలింతలకు, నవజాత శిశువులకు సోకే ధనుర్వాతం మీద పనిచేసింది. అయోడిన్ సంగతి నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది, ఎందుకంటే గర్భంలోనే బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోపానికి విరుగుడు మామూలు ఉప్పులో చిటికెడు అయోడిన్ కలపడమే. దానికి రిబ్బను కత్తిరించే ప్రారంభోత్సవం ఉండదు, బాగుపడిన బిడ్డకు తాను బాగుపడినట్టే తెలియదు. అటువంటి పనిని ఎంచుకుని ఏళ్లపాటు పట్టుకుని ఉండటానికి గట్టి మనసు కావాలి.

ఇక మీ క్లబ్బు సంగతి. లక్షల మందికి టీకాలు వేయించే పని మీది కాదు గనుక, మీకు దగ్గరలో ఉన్న ఒకటి రెండు బడులనే ప్రపంచమనుకోండి. నిర్ణయం తీసుకోవడానికి ముందు రెండు నెలల పాటు ఏమీ చేయకుండా కేవలం అడగండి. ప్రధానోపాధ్యాయులను అడిగితే భవనం, కుర్చీలు, ప్రహరీ గోడ చెప్తారు. వారి అవసరాలు అవే గనుక అది సహజం. తరగతి ఉపాధ్యాయులను విడిగా అడిగితే ఏ పిల్లలు ఏ రోజుల్లో రావడం లేదో, ఎవరికి చదవడం రావడం లేదో చెప్తారు. ఆరోగ్య కార్యకర్తకు ఇంకో జాబితా ఉంటుంది. తల్లిదండ్రులను బడికి పిలిచి అడిగితే మర్యాదకు అంతా బాగుందంటారు. వాళ్లు తీరిగ్గా ఉండే వేళ చూసుకుని మీరే వెళ్లి మాట్లాడితే అసలు మాటలు వస్తాయి. పిల్లలను కూడా అడగాలి. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని చెప్తోంది గానీ, సేవా క్లబ్బులు దాన్ని పట్టించుకోవడం నేను అరుదుగా చూశాను. పదేళ్ల పిల్లను నీకేం కావాలి అని అడిగితే సిగ్గుపడి ఊరుకుంటుంది. బడిలో నీకు నచ్చని చోటు ఏది, ఏ గంటలో నీకు విసుగు వస్తుంది అని అడిగి చూడండి. తాళం వేసి ఉంచే మరుగుదొడ్డి గురించో, సెలవు పెట్టిన ఉపాధ్యాయుడి స్థానంలో ఎవరూ రాని మధ్యాహ్నాల గురించో మీకు అప్పుడే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది చిన్న క్లబ్బు చేతికి అందే పని, పైగా చాలా క్లబ్బులు సగంలో వదిలేసే పని కూడా. కంటి చూపు గురించి చెప్తున్నాను. 1925లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభలో, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడుతూ, అంధుల పక్షాన నిలబడమని సభ్యులను కోరింది. అప్పటినుంచి చూపుకు సంబంధించిన సేవ ఆ సంస్థకు గుర్తుగా మారింది. నల్లబల్ల మీది అక్షరాలు కనబడని పిల్లవాడు ఆ సంగతి చెప్పడు, ఎందుకంటే అందరికీ అలాగే కనబడుతుందని అనుకుంటాడు. కళ్లు చికిలించి చూస్తాడు, పక్కవాడి పుస్తకంలోంచి చూసి రాసుకుంటాడు, కొన్నాళ్లకు మందబుద్ధి అన్న పేరు తెచ్చుకుని వెనక బల్లకు చేరతాడు, అక్కడినుంచి నల్లబల్ల అసలే కనబడదు. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పటం వేలాడదీసి, ఒక్కో కన్నును విడివిడిగా, రెండో కంటిని అదిమిపెట్టకుండా మూసి చూడటం కాస్త శిక్షణ పొందిన సభ్యులెవరైనా చేయగలరు. అక్కడ తప్పిన పిల్లలను మాత్రం నిపుణుల దగ్గరకే పంపాలి. పిల్లల కళ్లు దృష్టిని తమంతట తాము సర్దుకుంటాయి గనుక చుక్కల మందు వేసి పరీక్షించకపోతే అద్దాల కొలత తప్పే అవకాశం ఉంది. ఒక కన్ను చూపు మానేసే లేజీ ఐ లాంటి సమస్యలు చిన్న వయసులో దొరికితేనే చికిత్స బాగా ఫలిస్తుంది కాబట్టి, పై తరగతులకన్నా చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టడం మంచిది.

చాలా క్లబ్బుల పని ఇక్కడికి ముగుస్తుంది: శిబిరం జరుగుతుంది, కళ్లజోళ్లు పంచుతారు, పత్రికల్లో వార్త వస్తుంది. ఆరు నెలల తర్వాత అదే తరగతి గదిలోకి వెళ్లి చూస్తే ఎంతమంది ముఖాల మీద ఆ కళ్లజోళ్లు ఉన్నాయన్నది ఎవరూ అడగరు. ఒకరిది విరిగిపోయి ఉంటుంది, ఇంకొకరిని తోటిపిల్లలు వెక్కిరించి ఉంటారు, కళ్లజోడు పెట్టుకుంటే చూపు ఇంకా తగ్గిపోతుందని నమ్మిన అమ్మమ్మ మరొకరిదాన్ని పెట్టెలో దాచి ఉంటుంది, మంచి ఫ్రేము జాగ్రత్తగా ఉండాలని పండగలకు మాత్రమే పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఫ్రేమును పిల్లలే ఎంచుకునేలా నాలుగైదు రకాలు ఉంచడం, ఉపాధ్యాయుడు వాళ్లను ముందు బల్లలో కూర్చోబెట్టడం, విరిగినవాటిని బాగుచేయించడానికి నెలకొకసారి ఒక సభ్యుడు బడికి వెళ్లడం, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటం, ఏడాది తిరిగాక మళ్లీ పరీక్ష చేయించడం, వీటికి ఖర్చు పెద్దగా ఉండదు. మనుషులు కావాలి. మీ పాతికమందిలో పదిమంది తలా ఒక తరగతి బాధ్యత తీసుకుంటే సంవత్సరమంతా సరిపోయే పని ఇందులోనే ఉంది, ఆ పిల్లల పేర్లు వాళ్లకు నోటికి వస్తాయి, తర్వాతి సమావేశానికి వచ్చేటప్పుడు ఒకరికొకరు చెప్పుకోవడానికి కబుర్లుంటాయి.

చదువులో వెనకబడిన పిల్లలకు తోడుగా ఉండే కార్యక్రమం, అంటే వారానికొకసారి ఒక పెద్ద మనిషి ఒక పిల్లతో కూర్చుని చదివించడమో కబుర్లు చెప్పడమో, కూడా మంచి ఎంపికే, కానీ దానికి ఒక షరతు ఉంది. 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు అమెరికాలోని ఒక పెద్ద మెంటరింగ్ కార్యక్రమాన్ని పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, ఒక పెద్ద, ఒక పిల్ల కలిసిన జంట ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ సాగిన చోట పిల్లలకు ఎక్కువ మేలు జరిగిందని, మూడు నెలల లోపే తెగిపోయిన చోట పిల్లల ఆత్మగౌరవం మొదటికన్నా తగ్గిందని తేలింది. ఇంట్లోనో బడిలోనో పెద్దవాళ్లు వదిలేసి పోవడం ముందే చూసిన పిల్లలకు, మరొకరు వచ్చి నాలుగు వారాలకే మాయమైపోతే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకని ఏడాదిపాటు వారానికొక గంట ఇవ్వగలనని కచ్చితంగా చెప్పలేని సభ్యులను ఆ పనికి తీసుకోకండి, వాళ్లెంత ఉదారులైనా సరే. వాళ్లకు కంటి పరీక్ష పటాలు మోసే పనో, లెక్కలు రాసే పనో ఇవ్వండి.

అనాథాశ్రమాలకు వెళ్లి పుట్టినరోజులు జరపడం, మిఠాయిలు పంచడం గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు మీ సమావేశంలో తప్పకుండా ఆ ప్రస్తావన తెస్తారు గనుక నా మాట చెప్తున్నాను: వద్దు. అటువంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల దూరమై ఉంటారు. 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి విడదీయకూడదని స్పష్టంగా చెప్తున్నాయి. ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట సాగే కార్యక్రమాల వల్ల పిల్లలకు జరిగే హాని గురించి 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానం కూడా ఆందోళన వ్యక్తం చేసింది. వారానికొక కొత్త బృందం వచ్చి ఎత్తుకుని, ముద్దుచేసి, ఫొటోలు దిగి వెళ్లిపోవడం ఆ పిల్లలకు ఏ విధంగానూ మేలు చేయదు. అదే డబ్బు, అదే శ్రమ ఒక ఒంటరి తల్లికి పని దొరికేవరకు తోడుగా ఉండటానికి ఖర్చుపెడితే ఒక బిడ్డ అసలు ఆశ్రమానికే వెళ్లకుండా ఆగవచ్చు. సభ్యులకు ఈ మాట రుచించకపోవచ్చు, చెప్పక తప్పదు.

పిల్లలతో పని మొదలుపెట్టే ముందు రక్షణ నియమాలు రాసుకుని, ప్రతి సభ్యుడి చేత చదివించి సంతకం తీసుకోవాలి. మనవాళ్లందరూ పెద్దమనుషులే కదా అని చాలా క్లబ్బులు దీన్ని దాటేస్తాయి. పిల్లలకు హాని చేసేవాళ్లు సాధారణంగా అందరి నమ్మకం సంపాదించుకున్నవాళ్లే అన్న కఠోర సత్యం వల్లనే ఈ నియమం అందరికీ వర్తించాలి, వ్యవస్థాపక అధ్యక్షుడితో సహా. నియమాలు పెద్ద గ్రంథం కానవసరం లేదు. ఏ పెద్దవారూ ఏ బిడ్డతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లలతో జరిగే ప్రతి కార్యక్రమంలో కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి. సభ్యులు పిల్లలకు సొంత ఫోన్ నుంచి విడిగా సందేశాలు పంపకూడదు. కొత్తగా చేరినవారిని, వారి గురించి తెలిసిన ఇద్దరితో మాట్లాడి, స్థానిక చట్టం కోరిన పోలీసు ధ్రువీకరణ ఉంటే అదీ తీసుకున్న తర్వాతే పిల్లల దగ్గరకు పంపాలి. బిడ్డ ఏదైనా బాధ చెప్పుకుంటే ఎవరికి, ఎంత సమయంలో తెలియజేయాలో ముందే నిర్ణయించి ఉండాలి. అలా బాధ చెప్పిన బిడ్డను మీరే గుచ్చి గుచ్చి ప్రశ్నించకండి, విన్నది విన్నట్టు రాసుకుని బాధ్యులకు అందజేయండి.

ఫొటోల సంగతి వేరుగా చెప్పాలి. సాయం అందుకుంటున్న బిడ్డ ముఖం, పేరు, బడి పేరు ఒకేచోట పెట్టి అందరికీ చూపించడం దాతలకు నచ్చుతుందేమో గానీ, ఆ బిడ్డ పదేళ్ల తర్వాత కూడా తన పేదరికాన్ని ఇంటర్నెట్‌లో చూసుకోవలసి వస్తుంది. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, బిడ్డ ఇష్టం రెండూ ఉంటేనే ఫొటో తీయండి. ఆ అనుమతి ఇవ్వకపోయినా సాయం ఆగదని వాళ్లకు ముందే చెప్పండి, ఎందుకంటే చేయి చాచిన స్థితిలో ఉన్న తల్లికి కాదనే ధైర్యం ఉండదు. పని జరుగుతున్న తీరు చూపించాలంటే సభ్యులు పటం వేలాడదీస్తున్న ఫొటో చాలు.

ఇప్పుడు సేవా క్లబ్బులన్నిటికీ ఉన్న జబ్బు గురించి చెప్పాలి, ఎందుకంటే పైన రాసిన మంచి సంకల్పాలన్నీ మట్టికొట్టుకుపోయేది ఇక్కడే. దాదాపు అన్ని సంస్థల్లోనూ అధ్యక్షుడు ఏడాదికొకసారి మారతాడు. రోటరీ, లయన్స్ సంవత్సరం జులై 1న, కివానిస్ సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. నాయకత్వం అందరికీ అందాలన్న ఉద్దేశంతో పెట్టిన మంచి పద్ధతే ఇది, కానీ వచ్చిన ప్రతి అధ్యక్షుడూ తన పేరు చెప్పుకోవడానికి కొత్త ప్రాజెక్టు కావాలంటాడు, పాతది నిశ్శబ్దంగా చచ్చిపోతుంది, బడిలో పిల్లలు మాత్రం నిరుడు వచ్చిన మామయ్య ఈసారి ఎందుకు రాలేదని అడుగుతూ ఉంటారు. దీనికి మందు ఒక్కటే. పిల్లల పనికి మూడేళ్ల పదవీకాలం ఉన్న ఉపసంఘాన్ని వేసి, అందులో మాజీ, ప్రస్తుత, రాబోయే అధ్యక్షులు ముగ్గురినీ కూర్చోబెట్టండి. ఆ పనికి ఏటా కేటాయించే కనీస మొత్తాన్ని నియమావళిలోనే రాయండి. కొత్త అధ్యక్షుడికి కొత్త పని కావాలంటే పాతదానికి కోత పెట్టకుండా అదనంగా డబ్బు తెచ్చుకోమనండి. మొదట్లో గొణుగుడు వినిపిస్తుంది, రెండో ఏడాదికి సర్దుకుంటుంది.

డబ్బు గురించి రెండు మాటలు చాలు. సభ్యుల చందాతో నడిచే క్లబ్బు ఖర్చులకు ఒక ఖాతా, జనం దగ్గర వసూలు చేసిన సేవా నిధికి మరొక ఖాతా ఉండాలి, రెండోదానిలోంచి సభ్యుల విందుకు ఒక్క పైసా పోకూడదు. లెక్కలను బడి నోటీసు బోర్డు మీద కూడా అతికించండి, మీకే తేడా తెలుస్తుంది. చిన్న మొత్తంతో ఏమవుతుందని సభ్యులు నిరాశపడితే, ఈనాడు ప్రపంచమంతటా పనిచేస్తున్న రోటరీ ఫౌండేషన్‌కు మూలమైన నిధికి అందిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లేనని గుర్తుచేయండి.

చుట్టూ ఉన్న జనాన్ని ఒకటి చేయడం అన్న మీ మాటకు వస్తే, పిల్లలకు చేసే పనికి పక్కన మరో ప్రత్యేక కార్యక్రమం పెట్టుకోవలసిన అవసరం నాకు కనిపించదు. సాయం అందుకునే కుటుంబాలను వరుసలో నిలబెట్టి మీరు వేదిక మీద కూర్చుంటే ఊరిలో అంతకుముందున్న దూరమే ఇంకొంచెం పెరుగుతుంది. కళ్లజోళ్లు పెట్టుకున్న పిల్లల తల్లులలో ఒకరు మరుసటి ఏడాది కొత్త తల్లిదండ్రులతో మాట్లాడితే, కుట్టుపని చేసే తండ్రి కళ్లజోడు సంచులు కుట్టిపెడితే, వాహనం నడిపే యువకుడు పిల్లలను ఆసుపత్రికి తీసుకెళ్లి తెస్తే, వాళ్లకు క్లబ్బు బయటివాళ్ల సంస్థగా అనిపించదు. తర్వాత వీధిలో ఎవరికైనా ఆపద వచ్చినప్పుడు ఈ పరిచయాలే ముందు పనికొస్తాయి. రోటరీ తొలిరోజుల్లో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే సభ్యుడిగా తీసుకునే నియమం ఉండేది. అక్షరాలా పాటించనక్కరలేదు గానీ, మీ సభ్యుల జాబితాను ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. అందరూ ఒకే వ్యాపారం, ఒకే వయసు, ఒకే వీధి అయితే ఊరిలో సగం సంగతులు మీ చెవికి చేరవు. చేరాలనుకునే నర్సుకో, డ్రైవరుకో సభ్యత్వ రుసుము అడ్డమైతే తగ్గించండి.

మహిళల విషయంలో ఈ సంస్థలు సిగ్గుపడవలసినంత ఆలస్యం చేశాయి. కాలిఫోర్నియాలోని డ్యువార్టే రోటరీ క్లబ్బు 1977లో మహిళలను చేర్చుకున్నందుకు గుర్తింపు కోల్పోయి న్యాయస్థానానికి వెళ్లింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు దాని పక్షాన తీర్పు ఇచ్చాకే తలుపులు తెరుచుకున్నాయి. కాగితం మీద తెరుచుకున్నా, సాయంత్రం పొద్దుపోయాక సమావేశం పెట్టి, నిర్ణయాలన్నీ మగవాళ్లు ముందే మాట్లాడుకుని వచ్చే చోట మహిళలు ఎక్కువకాలం ఉండరు. యువకుల సంగతీ అంతే. పిల్లలనూ యువతనూ తమ పనిలో భాగస్వాములను చేయడంలో మాత్రం ఈ సంస్థలకు పాత అనుభవం ఉంది: కివానిస్ వారి కీ క్లబ్బు 1925లో ఒక ఉన్నత పాఠశాలలో పుట్టింది, లయన్స్ వారి లియో క్లబ్బులు 1957లో, రోటరీ వారి ఇంటరాక్ట్ 1962లో, రోటరాక్ట్ 1968లో వచ్చాయి. వాటిలో బాగా నడిచినచోట ఒకటే లక్షణం చూశాను, ఏం చేయాలో పిల్లలే తేల్చుకుంటారు, తప్పులు కూడా వాళ్లే చేస్తారు, పెద్దవాళ్లు భద్రత, డబ్బు లెక్కలు మాత్రం చూస్తారు. కుర్చీలు సర్దడానికి, అతిథులకు పూలగుత్తులు ఇవ్వడానికి పిలిస్తే యువకులు రెండోసారి రారు. మీ కంటి పరీక్ష వివరాలన్నీ ఫోనులో నమోదుచేసి, ఏ పిల్లవాడికి ఎప్పుడు మళ్లీ పరీక్ష చేయాలో గుర్తుచేసే బాధ్యతను పూర్తిగా ఇద్దరు కళాశాల విద్యార్థులకు వదిలిపెట్టి చూడండి.

అంతర్జాతీయ సంస్థకు అనుబంధం కావాలా అన్న మీ రెండో ప్రశ్నకు నా సమాధానం, ఇప్పుడే వద్దు అని. అనుబంధం వల్ల శిక్షణ, సిద్ధంగా ఉన్న రక్షణ నియమాలు, పెద్ద పనికి నిధులు కోరే అవకాశం, ఇతర క్లబ్బుల అనుభవం దొరుకుతాయి, ఇవి చిన్నవి కావు. దానికి బదులుగా ప్రతి సభ్యుడి తరఫునా ఏటా రుసుము కట్టాలి, నివేదికలు పంపాలి, జిల్లా స్థాయి సమావేశాలకు సమయం ఇవ్వాలి. పాతికమంది ఉన్న క్లబ్బులో చురుకైన ఐదారుగురి శక్తి మొదటి ఏడాది వాటికే సరిపోతుంది. పని లేని క్లబ్బుకు కొత్త బ్యాడ్జి వచ్చినంత మాత్రాన పని రాదు. ముందు ఒక బడిలో ఒక సంవత్సరం మీ పని నడిపించి, ఎంతమంది పిల్లలు పరీక్షలో తప్పారు, ఎంతమందికి చికిత్స అందింది, ఆరు నెలల తర్వాత ఎంతమంది కళ్లజోడు వాడుతున్నారు అన్న మూడు సంఖ్యలు చేతిలో పెట్టుకోండి. ఈలోగా దగ్గరలో ఉన్న రెండు మూడు క్లబ్బులకు అతిథిగా వెళ్లండి, పదవీ స్వీకార వేడుకకు కాకుండా మామూలు సమావేశానికి. పోయిన ఏడాది సేవా నిధి లెక్కలు చూపించమని మర్యాదగా అడగండి, మూడేళ్ల కిందట మొదలుపెట్టి ఇంకా నడుస్తున్న పని ఏదైనా ఉందా అని అడగండి. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన క్లబ్బు ఏ సంస్థదైతే, ఏడాది తర్వాత మీ మూడు సంఖ్యలతో వాళ్ల దగ్గరకే వెళ్లి అనుబంధం గురించి మాట్లాడండి.